మా మేనల్లుడి ఎర్ర కాయిళ్లు

శీర్షిక చూసి, ఇదేదో కార్లున్నవాళ్ల గొడవ అనుకుని, పేజీ తిప్పేసి సీరియల్లోకి వెళ్లిపోదామనుకుంటున్నారు కాబోలు. ఒక్క నిమిషం ఆగండి. కారు నాకూ లేదు. ముప్పయ్యేళ్లు కాలేజీలో ఫిజిక్సు చెప్పిన పాపానికి, ఇంట్లో మిక్సీ ఆగినా, పక్కింట్లో మోటారు తిరగకపోయినా, మేనల్లుడి కారు మొరాయించినా నన్నే పిలుస్తారు. పిలిచినందుకు వెళ్లాను. వెళ్లినందుకు ఈ వారం మీకు చెప్పడానికి ఒక కథ దొరికింది.

మావాడు రెండేళ్ల క్రితం సెకండ్ హ్యాండ్‌లో ఒక పెట్రోలు కారు కొన్నాడు. టర్బో ఇంజను. ఏ కంపెనీదో మనకు అనవసరం. కొన్న దగ్గరనుంచీ వాడికి దానిమీద ఉన్న ప్రేమ చూసి మా అక్కయ్య, "నన్ను ఇంత శ్రద్ధగా ఎప్పుడైనా తుడిచాడట్రా?" అంటూ ఉంటుంది. ఆ కారులోనే కిందటి మాఘమాసంలో శ్రీశైలం బయలుదేరాం. వాడు, వాడి భార్య, రెండేళ్ల పిల్ల, అక్కయ్య, నేను. విజయవాడలో పొద్దున్నే బయలుదేరినా, నరసరావుపేటలో కాఫీలు, వినుకొండలో చుట్టాలు, భోజనాలు అన్నీ అయ్యి దోర్నాల చేరేసరికి సూర్యుడు వాలిపోయాడు. అక్కడినుంచి నల్లమల అడవి, ఘాటు రోడ్డు. రాత్రిపూట అడవిలో రాకపోకలు ఆపేస్తారు కనుక తొందరగా దాటేయాలని మావాడి ఆత్రం.

అంతదాకా చదునైన రోడ్డుమీద వెన్నలా వచ్చిన కారు, ఎక్కుడు మొదలయ్యేసరికి ఒక్క కుదుపు కుదిపింది. మళ్లీ ఒకటి. వెనక ఎవరో జుట్టుపట్టుకుని లాగుతున్నట్టు. మావాడు ఎంత గట్టిగా తొక్కితే అది అంత గట్టిగా కుదిపింది. ఎదురుగా అద్దాల పళ్లెంలో పసుపుపచ్చ ఇంజను దీపం వెలిగి, ఆరి, వెలిగి, ఆరి, కన్నుకొట్టడం మొదలుపెట్టింది. ఎదురుగా మలుపులో బస్సు వస్తోంది. వెనక లారీ హారను. పిల్ల లేచి ఏడుపు. అక్కయ్య మల్లన్నను తలుచుకుంటోంది.

"కాస్త పక్కకు తీసి ఆపరా" అన్నాను.

"ఆపితే మళ్లీ ఎక్కదేమో మామయ్యా!"

"ఎక్కుతుంది. ఆపు."

ఆ దీపం కదలకుండా వెలిగితే, వీలు చూసుకుని మేస్త్రీకి చూపించుకోవచ్చు. కన్నుకొడితే మాత్రం తొక్కడం మానేయాలి. ఏదో ఒక సిలిండర్లో పెట్రోలు అంటుకోకుండా పచ్చిగానే బయటికి పోతోందన్నమాట. ఆ పచ్చి పెట్రోలు పొగగొట్టంలోని కాటలిటిక్ కన్వర్టర్లో పడి అక్కడ మండుతుంది. లోపలి తేనెపట్టులాంటి పింగాణీ కరిగిపోయేటంత వేడి పుడుతుంది. దాన్ని మార్చాలంటే చిన్న ఉద్యోగి నెల జీతం సరిపోదు.

పది నిమిషాలు ఆగి, ఏసీ కట్టేయించి, ఒక గేరు తగ్గించి, "గుడ్డుమీద కాలు వేసినట్టు తొక్కు" అన్నాను. ఆశ్చర్యం! కారు కుదుపు లేకుండా, ఎద్దుబండికంటే కాస్త వేగంగా, సున్నిపెంట దాకా ఎక్కింది. అక్కయ్య అది మల్లన్న మహిమ అన్నది. నేను కాదనలేదు. కాని మెల్లగా తొక్కితే ఎందుకు ఎక్కిందో తెలిస్తే జబ్బేమిటో సగం తెలిసినట్టే.

పెట్రోలు ఇంజన్లో ప్రతి సిలిండరు నెత్తిమీదా ఒక ప్లగ్గు ఉంటుంది. దాని చివర రెండు లోహపు ముక్కల మధ్య మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఒక సందు. ఆ సందులో నిప్పురవ్వ దూకితేనే గాలీ పెట్రోలూ అంటుకునేది. బ్యాటరీలో ఉన్నది 12 వోల్టులు. సందు దాటాలంటే కావలసినవి వేలు, పదివేలు, ఒక్కొక్కప్పుడు ముప్పయి వేల పైచిలుకు వోల్టులు. ఈ ఆకాశానికీ భూమికీ నిచ్చెన వేసేదే కాయిలు. లోపల ఇనుప ముక్క చుట్టూ లావు తీగ కొద్ది చుట్లు, సన్న తీగ అంతకు వందరెట్లు చుట్లు. లావు తీగలో కరెంటు పారించి, నిండగానే టక్కున తెగ్గొడతారు. మేడమీద ట్యాంకునుంచి ధారగా వస్తున్న నీళ్లను కుళాయి తిప్పి ఒక్కసారి ఆపితే గొట్టం ధనాలున మోగుతుంది చూడండి, అలా తెగ్గొట్టిన క్షణంలో సన్న తీగలో వేల వోల్టులు పొంగుకొస్తాయి. నిమిషానికి ఆరువేల చుట్లు తిరిగే ఇంజన్లో ఒక్కొక్క ప్లగ్గు సెకనుకు యాభైసార్లు ఈ పని చేయాలి.

1910 మోడలు కాడిలాక్ కారుకు అమెరికాలో కెట్టరింగ్ అనే ఆయన అమర్చిన పద్ధతి ఇదే. తరవాత ఎన్నో దశాబ్దాలు ఇంజను మొత్తానికి ఒక్కటే కాయిలు. దానినుంచి డిస్ట్రిబ్యూటరు వంతులవారీగా నాలుగు ప్లగ్గులకూ పంచిపెట్టేది. వానాకాలంలో మా నాన్నగారు ఆ డిస్ట్రిబ్యూటరు మూత ఊడదీసి, పంచెకొంగుతో తుడిచి మళ్లీ బిగించడం నా చిన్ననాటి జ్ఞాపకం. ఇప్పుడు పంపకాల బెడద లేదు. చాలా కార్లలో ఎవరి ప్లగ్గు నెత్తిన వారి కాయిలు. నాలుగు ప్లగ్గులకు నాలుగు.

ఇక టర్బో. స్విట్జర్లాండువాడు బ్యూషీ 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. 1962లో అమెరికాలో కార్లకు పెట్టి అమ్మారు. పొగగొట్టంలోంచి వృథాగా పోయే వేడి వాయువుతో ఒక చక్రం తిప్పి, దాంతో ఇంకో చక్రం తిప్పి, ఇంజన్లోకి గాలిని కూరడమే దాని పని. అలా కూరిన అదనపు ఒత్తిడినే బూస్టు అంటారు. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ పోయవచ్చు, బలం ఎక్కువ వస్తుంది. కాని ఇక్కడొక చిక్కు. సందు దాటడానికి ఎన్ని వోల్టులు కావాలన్నది సందు వెడల్పుమీదా, అందులో ఉన్న గాలి ఒత్తిడిమీదా ఆధారపడుతుందని జర్మనీ శాస్త్రజ్ఞుడు పాషెన్ 1889లోనే తేల్చాడు. మామూలు రోజున ఇంద్రకీలాద్రి మీద క్యూలో నడిచి వెళ్లడం వేరు, దసరాల్లో మూలా నక్షత్రం నాడు వెళ్లడం వేరు. దూరం అదే. జనం చిక్కబడ్డారు. టర్బో కూరిన గాలిలో నిప్పురవ్వ పనీ అంతే. చదునులో కాలు తేలిగ్గా ఉన్నప్పుడు బూస్టు ఉండదు, రవ్వ దూకుతుంది. ఘాటులో అయిదుగురు మనుషులు, ఏసీ, కాలు నేలకు ఆనేలా తొక్కడం. లోపల ఒత్తిడి రెండింతలవుతుంది. కాయిలు తన శక్తికొద్దీ తోసినా రవ్వ సందు దాటలేదు. అంచేత కుదుపు. తేలిగ్గా తొక్కగానే గాలి పలచబడింది, రవ్వ దూకింది, మనం సున్నిపెంట చేరాం.

ఇదంతా రాత్రి సత్రంలో మావాడికి వివరంగా చెప్పాను. వాడు శ్రద్ధగా విని, తనకు కావలసిన ముక్క ఒక్కటే ఏరుకున్నాడు. "అయితే మామయ్యా, ఇంకా బలమైన కాయిళ్లు కావాలన్నమాట!"

తిరిగొచ్చిన నాలుగోనాటికి పెట్టె దిగింది. లోపల నాలుగు ఎర్ర కాయిళ్లు, కుంకుమభరిణెల్లా తళతళలాడుతూ. ధర చెప్పమంటే, "ఎంతో కాదులే మామయ్యా" అన్నాడు.

ఈ ఎరుపు మోజుకు ఒక చరిత్ర ఉంది. 2000 దాటిన తరవాత ఫోక్స్‌వాగన్, ఆడీ కార్లలో కాయిళ్లు వరసగా చచ్చిపోవడంతో, 2003లో అమెరికాలో ఆ కంపెనీ లక్షల కార్లకు ఉచితంగా కాయిళ్లు మార్చవలసి వచ్చింది. 1.8 లీటర్ల టర్బో ఇంజన్లున్న ఆసాములు విసిగిపోయి, ఆ తరవాత వచ్చిన ఆడీ ఆర్ 8 అనే పరుగుల కారుకోసం చేసిన ఎర్రతల కాయిళ్లు తెచ్చి తమవాటికి తగిలించుకోవడం మొదలుపెట్టారు. అవి బాగానే పనిచేశాయి. అప్పటినుంచి ఎర్రగా ఉన్న ప్రతి కాయిలూ బలమైనదే అన్న నమ్మకం లోకమంతా పాకింది. మావాడి కారు వేరు, వాడు కొన్న కాయిళ్లు వేరు. రంగు మాత్రం అదే.

ఆదివారం పొద్దున వాకిట్లో వాడే బిగించాడు. అరగంటలో అయిపోయింది. స్టార్టు చేస్తే ఇంజను చల్లగా పాడింది. "చూశావా!" అన్నాడు. నాకూ ముచ్చటేసింది, అబద్ధమెందుకు?

వారం తిరగకుండా, గుంటూరు హైవే మీద ఒక ట్రాలీ లారీని దాటబోతూ, సరిగ్గా దాని పక్కకు వచ్చేసరికి కారు మళ్లీ జుట్టు పట్టుకులాగింది. ఘాటులో కుదిపినదానికంటే గట్టిగా. వెనకనుంచి ఇంకో బస్సు దీపాలు కొడుతోంది. లారీ డ్రైవరు పుణ్యాత్ముడు, బ్రేకు వేసి చోటిచ్చాడు. ఆ సాయంత్రం మావాడు మా ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. పిల్ల కారులో వెనక సీట్లో ఉందట.

మర్నాడు ఆటోనగర్‌కు తీసుకెళ్లాను. నాకు తెలిసిన మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. నా ఈడువాడే. చదివింది తక్కువ, చూసింది ఎక్కువ. బానెట్టు ఎత్తి ఎర్ర కాయిళ్లు చూశాడు గాని ఏమీ అనలేదు. "వేడి మీదున్నాది. చల్లారాక చూద్దాం సార్, టీ తాగండి" అన్నాడు. టీ వచ్చేలోగా మావాణ్ణి పక్కకు పిలిచి ఒకే ప్రశ్న వేశాడు. "బాబూ, దీనికి ప్రోగ్రామేమైనా మార్పించారా?"

మావాడు నా వంక చూశాడు, నేల వంక చూశాడు. ఆరునెలల క్రితం ఎవరో కుర్రాళ్ల దగ్గర కంప్యూటరులో లెక్కలు మార్పించి బూస్టు పెంచుకున్నాడట! "ఇంట్లో చెప్పలేదు మామయ్యా. అమ్మతో ఒకసారి బూస్టు పెంచానంటే, పిల్లకు పాలల్లో ఎక్కువ కలిపాననుకుంది. నేను అలాగే ఊరుకున్నాను."

దసరా జనంలోకి ఇంకో నాలుగు బస్సుల జనాన్ని దింపాడన్నమాట.

ఇంజను చల్లారాక మేస్త్రీ పని మొదలుపెట్టాడు. నేను స్టూలు వేసుకుని కూర్చున్నాను. ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీసేశాడు. తరవాత కాయిలు తలమీది ప్లాస్టిక్ కొక్కాలు. ఏళ్లతరబడి వేడికి ఉడికి అప్పడాల్లా అయిపోయి ఉంటాయి అవి. వాటిని స్క్రూడ్రైవరుతో ఎగదన్నకుండా, మొదట కాస్త లోపలికి నొక్కి, బొటనవేలితో నాలుక ఎత్తి, మెల్లగా లాగాడు. మూడోది అప్పటికే విరిగి ఉంది. అది మావాడి ఆదివారపు కృషి. కాయిలును అటూ ఇటూ సుతారంగా తిప్పి నిలువుగా పైకి తీశాడు. వంచి లాగితే కింది రబ్బరు తొడుగు చిరుగుతుంది.

మూడో కాయిలు మాత్రం తిప్పకుండానే చేతికొచ్చింది. ఎర్ర కాయిలు మెడ పాతదానికంటే పిసరంత పొడుగు. మధ్యన ఒక రింగు పడాలి. రింగు లేకుండా మావాడు అరచేత్తో కొట్టి దిగేశాడు. ఇంజను అదురుకు అది తేలి పైకొచ్చింది. తొడుగులోని స్ప్రింగు ప్లగ్గు తలను వదిలేసింది. అప్పుడు రవ్వ సిలిండర్లో దూకవలసింది పోయి తొడుగులోనే దూకింది. రబ్బరు లోపల నల్లగా కాలిన గీత కనిపించింది. "ముప్పైవేల వోల్టులు ఎక్కడో అక్కడ దిగుతాది సార్. మనం దారివ్వకపోతే అదే దారి చూసుకుంటాది" అన్నాడు మేస్త్రీ. పాషెన్ గారు కూడా ఇంతకంటే బాగా చెప్పి ఉండరు.

ప్లగ్గులు తీసేముందు గుంటల్లోకి గాలి కొట్టాడు. ఎంత ఇసుక లేచిందో! అది ఊదకుండా ప్లగ్గు విప్పితే ఆ ఇసుకంతా సిలిండర్లోకి రాలుతుంది. నాలుగు ప్లగ్గులూ గుడ్డమీద వరసగా పరిచాడు. అసలు దొంగలు అక్కడ దొరికారు. సందు కొలిచే రేకు పెడితే 1.1 మిల్లీమీటర్లు వచ్చింది. అరిగి అరిగి అంతైంది. ఆ ఇంజనుకు కంపెనీ పుస్తకంలో రాసింది 0.8. బూస్టు పెంచినవాళ్లు ఇంకా తగ్గించి 0.7 దగ్గర పెట్టుకుంటారు. తేడా చూడబోతే నాలుగైదు వెంట్రుకల మందం. రెండో ప్లగ్గు తెల్ల పింగాణీమీద పైనుంచి కిందకు పెన్సిలుతో గీసినట్టు సన్నని నల్లగీత. అది కూడా వోల్టులు దొంగదారిన దిగిన జాడే.

"కాయిళ్లు మార్చారు, ప్లగ్గులు చూళ్లేదా బాబూ?"

మావాడు జవాబు చెప్పలేదు. ఎర్ర కాయిళ్ల ఖరీదులో పదోవంతుకు నాలుగు మామూలు ప్లగ్గులు వచ్చేవి.

కొత్త ప్లగ్గులు తెప్పించి, ఒక్కొక్కదానికీ సందు కొలిచి, పక్కకొమ్మును మాత్రమే వంచి సరిచేశాడు. మధ్య ముక్కను మీటి వంచితే దాని సన్నని మొన విరుగుతుంది. ఒక రబ్బరు గొట్టం ముక్కకు ప్లగ్గు తగిలించి వేళ్లతోనే మరలు ఎక్కించాడు. మర తప్పితే గొట్టం జారిపోతుంది గాని అల్యూమినియం గాడి చెడదు. చివరి బిగింపు మాత్రం లెక్క చూపించే పానాతో.

ఇప్పుడు అసలు పరీక్ష. ఎర్రవి పక్కన పెట్టి పాత కాయిళ్లు నాలుగూ పెట్టాడు. ఘాటుమీద కుదిపిన రోజున మావాడి ఫోనుకు తగిలించే యంత్రం పి 0302 అని చూపించింది. చివరి అంకె సిలిండరు నంబరు. అంటే రెండోది. మేస్త్రీ రెండో కాయిలును నాలుగులో పెట్టి, నాలుగోదాన్ని రెండులో పెట్టి, కారును ఫ్లైఓవరు ఎక్కించి గట్టిగా తొక్కించాడు. కారు కుదిపింది. యంత్రం చూస్తే పి 0304! జబ్బు కాయిలుతోపాటు నడిచొచ్చిందన్నమాట. రెండులోనే ఉండిపోతే, అది కాయిలు తప్పు కాదు, ఇంకెక్కడో వెతకాలి. పైసా ఖర్చులేని పరీక్ష. కాలేజీలో నేను పెట్టించిన ప్రయోగాలేవీ ఇంత శుభ్రంగా తేలలేదు.

ఒక్క సంగతి. పాతకాలంలో ఇంజను నడుస్తుండగా ప్లగ్గు తీగ ఎత్తి రవ్వ చూసే అలవాటుండేది. ఈ కాయిళ్లతో ఆ పని చేయకండి. మనిషికీ ప్రమాదం, కారు మెదడు అనిపించుకునే కంప్యూటరుకూ ప్రమాదం.

మొత్తం తేలిందేమిటంటే, చచ్చిన కాయిలు ఒక్కటి. బతికున్నవి మూడు. అరిగిన ప్లగ్గులు నాలుగు. పెంచిన బూస్టు ఒకటి.

మరి ఎర్రవాటి సంగతేమిటి? వాటిలో దోషం లేదు. కాని కాయిలు బలాన్ని పుట్టించదు. రవ్వ దూకి మంట అంటుకున్నాక, అంతకంటే లావు రవ్వ వేసినా అదే పెట్రోలు, అదే మంట. దూకలేని చోట దూకించడమే మంచి కాయిలు గొప్ప. దానికైనా కారు కంప్యూటరు ఇచ్చే వ్యవధి సరిపోవాలి. ప్రతి రవ్వకూ ముందు రెండుమూడు మిల్లీసెకన్లు మాత్రమే కాయిలును నింపుతుంది అది, తన కాయిలు కొలతలు చూసుకుని. కొత్త కాయిలు నిండడానికి ఇంకా ఎక్కువసేపు కావలసివస్తే, సగం నిండిన బిందెలా, పాతదానికంటే నీరసమైన రవ్వే ఇస్తుంది. కరెంటు ఎక్కువ గుంజేదైతే, దాన్ని నడిపే ట్రాన్సిస్టరును కాల్చేస్తుంది. ఆ ట్రాన్సిస్టరు కొన్ని కార్లలో కాయిలులోనే ఉంటుంది, కొన్నింటిలో కంప్యూటరులో ఉంటుంది. కంప్యూటరులో ఉంటే ఆ నష్టం ఊహించుకోండి. అంచేత అమ్మేవాణ్ణి ఎన్ని వోల్టులని అడగడంకంటే, మా ఇంజను నంబరుకు ఇది సరిపోతుందని కాగితంమీద రాసిస్తావా అని అడగడం మేలు. అచ్చు అసలుదానిలాగే ఉండే నకిలీలు కూడా బజారులో కొల్లలు.

అదృష్టవశాత్తూ మావాడివి సరిపోయేవే. వాపసు తీసుకోరు కనుక, మేస్త్రీ నాలుగు రింగులు తిప్పించి, మూడోదానికి కొత్త తొడుగు వేసి, తొడుగు లోపలి అంచున సిలికాన్ గ్రీజు వేలితో సన్నగా రాసి, టిక్కుమని చప్పుడు వచ్చేదాకా నొక్కి, మరలు బిగించి ఎర్రవే పెట్టాడు. "ఒక్క షరతు బాబూ. బూస్టు కంపెనీవాడు పెట్టినదానికి దించేయాల. రవ్వ సంగతి నేను చూసుకుంటా. పిస్టన్ల సంగతి నేను చెప్పలేను." మావాడు ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఆ మూడు పాత కాయిళ్లూ డిక్కీలో బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి, దారిలో పనికొస్తాయని.

కార్తీకంలో మళ్లీ శ్రీశైలం వెళ్లాం. మొదటిసారి మొక్కు సరిగా తీరలేదని అక్కయ్య పట్టు. అయిదుగురం, ఏసీ వేసే, దోర్నాల ఘాటు ఎక్కాం. కుదుపు లేదు, దీపం లేదు. పిల్ల సున్నిపెంట దాకా నిద్రలేవలేదు. ఎర్ర కాయిళ్లవల్ల బలం పెరిగిందా అంటే, ముందు సీట్లో కూర్చున్న నాకు తేడా ఏమీ తెలియలేదు. వాడికి తెలిసిందట. పోనీలెండి.

ఇవన్నీ పత్రికలో రాస్తే మీ ఆవిడ చదువుతుందిరా, బూస్టు సంగతి బయటపడుతుంది అని ముందే హెచ్చరించాను. వాడు నవ్వాడు. ప్రోగ్రాము మార్చిన కుర్రాళ్ల రసీదు ఆ అమ్మాయికి ఆరునెలల క్రితమే చొక్కా జేబులో దొరికిందట. ఉతకబోతూ చూసి, మడిచి, బీరువాలో దాచింది. తనంతట తాను ఎప్పుడు చెబుతాడోనని చూస్తూ కూర్చుందట.